అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు: అందరూ కలిసి మారాలంటే

ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే ప్రపంచ ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లో, మొదటి వెర్షన్‌లోనే చోటు దక్కింది. అయినా పుస్తకాల డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టే పని) చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే నడుస్తోంది. ఆపరేటర్లకు చేతకాక కాదు. టైపు చేసేవారు, ప్రూఫు దిద్దేవారు, పేజీలు కట్టేవారు ఒకరి ఫైలు ఒకరు తెరవాలి. ముందుగా మారినవారి తెలుగు, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పనిచేయదు, ఆ పని పక్క షాపుకు పోతుంది. అందుకే ఎవరికి వారు మారమంటే ఎవరూ కదలరు.

డబ్బిచ్చేవారితో మొదలుపెట్టండి. ఫలానా తేదీ నుంచి రాతప్రతి యూనికోడ్‌లోనే తీసుకుంటామని ప్రచురణకర్త చెప్పాలి, పాత ఫైళ్లు మార్చే ఖర్చూ ఆయనే పెట్టుకోవాలి. ఖర్చు షాపుల మీద వేస్తే మాట రెండు నెలలు కూడా నిలవదు. ప్రెస్సుకు ఫాంట్లు లోపలే ఇమిడ్చిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ పంపితే వారు మార్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఒప్పందం చిన్నదిగా ఉంచండి. కీబోర్డు జోలికి అసలు పోవద్దు. యాపిల్, మాడ్యులర్, ఇన్‌స్క్రిప్ట్, ఈ కీబోర్డు అమరికల్లో ఎవరి చేతికి ఏది అలవాటైతే అది. చాలా ప్రయత్నాలు ఆగిపోయేది ఇక్కడే. కలవాల్సింది ఫైల్లో నిలిచే అక్షరాల దగ్గర.

ఆ అక్షరాల్లో రెండింటిని ముందే తేల్చుకోవాలి. సున్న (ం), తెలుగు అంకె సున్నా (౦) కంటికి ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకు వేరు. ‘పండగ’లో అంకె పడితే వెతుకులాటలో ఆ మాట దొరకదు. రెండోది, ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత, అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు నాన్‌జాయినర్ పెట్టాలి. లేకపోతే వ, ట కింద వత్తుగా దిగి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఒకరు పెట్టి ఒకరు మానేస్తే అవి రెండు వేర్వేరు మాటలు.

ఇక పాత ఫైళ్లు. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ మీద పనిచేయండి. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీదే తెలుగు ముక్కలు కూర్చుతాయి కనుక, ఫాంటు సమాచారం లేని ఉత్త టెక్స్టును యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేస్తే మధ్యలోని ఇంగ్లీషు మాటలు కూడా అర్థంలేని తెలుగైపోతాయి. ఇంగ్లీషును ముందే విడదీయండి. ఒక్క అధ్యాయం మార్చి, వత్తులూ గుణింతాలూ అచ్చుప్రతితో పోల్చి చూశాకే మిగతావి మార్చండి.

యూనికోడ్‌లో పేజీలు కట్టేందుకు ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడితే, దాని పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. అది లేకుంటే వత్తులు విడిపోతాయి, ఆపరేటరు తప్పు యూనికోడ్‌దే అనుకుని మళ్లీ అను తెరుస్తారు.