ఇటాలియన్ డిన్నర్‌లో రిసోట్టో ముద్దయిందా? ఇలా చేయండి

ఫ్రెండ్స్ హాల్లో కూర్చున్నారు, లోపల రిసోట్టో (క్రీమీగా వండే ఇటాలియన్ అన్నం) ముద్దయిపోయింది. టెన్షన్ వద్దు, పారేయొద్దు. వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి, గట్టిపడ్డాక ఉండలు చేసి, మధ్యలో చీజ్ ముక్క పెట్టి, బ్రెడ్ పొడిలో దొర్లించి నూనెలో వేయిస్తే అరంచినీ అవుతాయి, ఇటలీలోని సిసిలీలో పేరున్న చిరుతిండి, కాబట్టి థీమ్ ఎక్కడికీ పోదు.

ఈలోపు స్పఘెట్టి ఉడికించండి. తరిగిన వెల్లుల్లి, ఎండుమిర్చి ఆలివ్ నూనెలో సన్నని మంట మీద వేయించి, స్పఘెట్టి ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు పోసి, స్పఘెట్టి వేసి కలిపితే చాలు. వెల్లుల్లి మాడితే చేదెక్కుతుంది, ఆ నూనె తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి.

శాకాహారులుంటే జాగ్రత్త: అసలైన పార్మెజాన్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) వాడతారు, వాళ్ళకు ముందే చెప్పండి.

తిరమిసు (కాఫీ, క్రీమ్‌తో చేసే ఇటాలియన్ స్వీట్) గట్టిపడలేదా? గ్లాసుల్లో వేసి చెంచాలతో ఇచ్చేయండి.