పాపకి రాగి జావ: పీచు ఎంత ఉంచాలి?

ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తా. పీచు ఎక్కువుంటే మంచిదేగా అని మా పాపకి ఏడో నెలలోనే గోధుమలు, జొన్నలు, సజ్జలు, రాగులు, ఇంట్లో ఉన్న పప్పులన్నీ కలిపి పట్టించి, జల్లించకుండా జావ కాచి పెట్టాను. రెండు రోజులు పొట్ట ఉబ్బిపోయి, ముక్కి ముక్కి ఏడ్చింది. చంటిపిల్లల పొట్ట ఎంతని, అది పీచుతోనే నిండితే పాలు తాగరు, బలమిచ్చే తిండికి చోటుండదు.

అందుకే ఆర్నెల్లు నిండాక ఒక్క రాగులతో మొదలుపెట్టండి. ఇసుక పోయేదాకా నాలుగైదు నీళ్ళు కడిగి, రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచేసి తడి గుడ్డలో మూటకట్టండి. మన ఎండలకి ఒక్క రోజులోనే తెల్లగా మొలక కనిపిస్తుంది, పుల్లటి వాసనొస్తే మాత్రం మొహమాటం లేకుండా పారేయండి. మొలకెత్తితే జావ పల్చగా వస్తుంది, రాగుల్లోని ఐరన్ కూడా ఒంటికి కాస్త బాగా పడుతుంది. ఫ్యాన్ కింద గలగలలాడేలా ఆరబెట్టి, దోరగా వేయించండి.

ఇక మిల్లు. గుంటూరులో ఉండి ఇది మర్చిపోతే ఎలా, మీ ముందు ఎవరో కారం పట్టించుకుని వెళ్ళుంటారు! అడిగి మరీ పిండి మరలోనే వేయించండి, లేదంటే కొంచెమేగా, ఇంట్లో మిక్సీ చాలు.

మొదట్లో పల్చటి నూలుబట్టలో జల్లించండి. ఎనిమిదో నెల దాటాక మామూలు జల్లెడ, ఏడాది నిండేసరికి జల్లించకపోయినా పర్లేదు. మిగిలిన పొట్టు మన దోసెల పిండిలోకి.

చెంచాడు పిండి చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా తిప్పుతూ ఉడికించండి. చెంచా వంచితే గబుక్కున జారకూడదు, ఆ చిక్కదనం చాలు. కాస్త నెయ్యి వేయండి. ఏడాదిలోపు ఉప్పు, పంచదార వద్దు, తేనె అసలే వద్దు, అత్తగారు ఎంత ముచ్చటపడినా సరే. మూడు రోజులు చూసి, పడితే పెసరపప్పు చేర్చండి.

విరేచనం గట్టిపడితే పిండి తగ్గించి, కాచి చల్లార్చిన నీళ్ళు రెండు మూడు గుక్కలు, మెదిపిన బొప్పాయి పెట్టండి. రక్తం కనిపిస్తే మాత్రం ఇంటి చిట్కాలు వద్దు, వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.