కుక్క కాటు గాయంలో డ్రెయిన్ ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తీయాలి

హైదరాబాద్ గల్లీల్లో కుక్కలు కొట్లాడుకుంటే గాయపడ్డ కుక్క ఒంటిపై పైకి కనిపించేవి నాలుగు పంటి గాట్లే. పట్టుకుని విదిలించడంతో లోపల చర్మం కండరం నుంచి ఊడి అరచేయంత సంచిలా తయారవుతుంది. అందులో నీరు చేరితే సెరోమా, క్రిములు చేరితే చీము. కరిచిన కుక్క ఏదో తెలియకపోతే గాయపడ్డ కుక్కకు రేబిస్ టీకా ఆ రోజే మొదలుపెట్టండి.

చచ్చిన కండ కోసేసి సెలైన్‌తో ధారాళంగా కడగండి. గాయం శుభ్రంగా ఉంటే 3-0 కరిగే దారంతో చర్మం అడుగుపొరను కండరానికి అక్కడక్కడా కుట్టండి. మురికి గాయంలో దారం ఎంత తక్కువైతే అంత మంచిది. అప్పటికీ ఖాళీ మిగిలితేనే డ్రెయిన్, అంటే లోపలి నీరు బయటికి పోయేలా పెట్టే గొట్టం.

మత్తు ఇవ్వకముందే కుక్కను నిలబెట్టి, సంచిలో అన్నిటికంటే కిందికి వచ్చే చోట మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఈ ఒక్క పని మరిచిపోయే డ్రెయిన్లు ఎక్కువగా పనిచేయకుండా పోతాయి. పడుకోబెట్టి చూసి డ్రెయిన్ బయటికి రావడానికి పెట్టిన గంటు, కుక్క లేవగానే పైకి పోతుంది. నీరు కిందే నిలుస్తుంది.

పెన్‌రోజ్ అనే మెత్తటి రబ్బరు డ్రెయిన్‌లో నీరు ముఖ్యంగా గొట్టం పైపొర వెంబడే జారుతుంది. కాబట్టి కన్నాలు పెట్టొద్దు. పెడితే ఉపరితలం తగ్గుతుంది, లాగేటప్పుడు తెగుతుంది కూడా. పై కొసను చర్మం బయటి నుంచి ఒక కుట్టుతో పట్టించండి. కింది కొసను కోతలోంచి తీస్తే కుట్లు విచ్చుకుంటాయి, పక్కన వేరే గంటు పెట్టి తీసి, అక్కడా ఒక కుట్టు వేయండి. మూసేటప్పుడు సూది డ్రెయిన్‌ను పట్టకుండా చూడండి. పెట్టిన పొడవు కేస్ షీట్‌లో రాస్తే, తీశాక ముక్క లోపల మిగిలిందో లేదో తేలుతుంది. చంక దగ్గర పెన్‌రోజ్ వద్దు, కాలు కదిలినప్పుడల్లా గాలి లోపలికి పోతుంది.

అక్కడ సక్షన్ డ్రెయిన్ (వాక్యూమ్‌తో నీరు లాగేది) మేలు. చిన్న కుక్కకు 19 గేజ్ స్కాల్ప్ వెయిన్ సెట్ (సన్నని గొట్టం ఉన్న రెక్కల సూది) చాలు: హబ్ (సిరంజి తగిలించే కొస) కోసేసి, గొట్టానికి కన్నాలు పెట్టి ఆ కొసను గాయంలో ఉంచి, సూదిని వాక్యూటైనర్‌లో (గాలి తీసేసిన రక్తపరీక్ష గొట్టంలో) గుచ్చండి. ఒక్క కన్నం చర్మం బయట ఉన్నా వాక్యూమ్ నిలవదు.

వానాకాలం ఈగలు గంటు దగ్గరే గుడ్లు పెడతాయి. కట్టు తడిస్తే వెంటనే, లేకున్నా రోజూ మార్చండి. గాయం నాకకుండా మెడకు కోన్ కాలర్ తప్పనిసరి.

పెన్‌రోజ్‌ను సాధారణంగా 3–5 రోజులకు తీస్తారు. సక్షన్ అయితే రోజుకు వచ్చే నీరు కిలో బరువుకు సుమారు 2 మి.లీ. కంటే తగ్గాక, అంటే 10 కిలోల కుక్కకు 20 మి.లీ. పూర్తిగా ఆగేదాకా ఆగకండి, డ్రెయినే కొంత నీరు ఊరిస్తుంది. పెన్‌రోజ్‌కు రెండు కుట్లూ తెంపి కిందినుంచి లాగండి. గంటును కుట్టకుండా వదిలేయండి.