పరిశోధన వివరాలు, పరికరాలు విదేశానికి ఇచ్చే ముందు జాగ్రత్తలు

ముందుగా స్పెసిఫికేషన్ షీటును నియంత్రిత వస్తువుల (ఎగుమతికి ప్రభుత్వ లైసెన్సు కావాల్సినవాటి) జాబితాతో పోల్చండి. పేరు చూసి సరిపెట్టుకోవద్దు, అంకెలు చూడాలి. ఎగుమతి నియంత్రణపై పలు దేశాలు కలిసి ఒప్పుకున్న వాసెనార్ జాబితాలో సెకనుకు 9 ఫ్రేములు దాటని కొన్ని థర్మల్ కెమెరాలకు సడలింపు ఉంది. ఫర్మ్‌వేర్ మార్చి ఆ వేగం పెంచే వీలుందేమో తయారీదారును రాతపూర్వకంగా అడగండి.

• కొనేదెవరు, చివరికి వాడేదెవరు? విడివిడిగా రాయించుకోండి. తుది వినియోగదారు చిరునామా దగ్గర సరుకు రవాణా ఏజెంటుది కనిపిస్తే ఆపేయండి. ఐదు అక్షాల మిల్లింగ్ యంత్రం (లోహాన్ని క్లిష్టమైన ఆకారాల్లో చెక్కేది) కొంటూ ఇన్‌స్టలేషన్, శిక్షణ వద్దన్నా అంతే. ఇన్‌స్టలేషన్‌లో భాగమైన కాలిబ్రేషన్ (కొలతల సరిచూపు) లేకుండా అది కచ్చితమైన కొలతలతో పనిచేయదు. అంటే ఆ పని మరెక్కడో, మరెవరో చేయబోతున్నారేమో.

• పెట్టెలో వెళ్లేది మాత్రమే ఎగుమతి కాదు. ఈమెయిల్‌లో పంపిన డ్రాయింగు, క్లౌడ్ ఫోల్డర్ అనుమతి, వీడియో కాల్‌లో వివరించిన తయారీ విధానం కూడా చాలా దేశాల చట్టాల్లో లెక్కలోకి వస్తాయి. ఎక్కువగా చేజారేది ఇక్కడే. ప్రచురించిన ఫలితాలకు మినహాయింపు దొరకవచ్చు. కార్బన్ ఫైబర్‌ను ఏ ఉష్ణోగ్రతలో, ఎంత లాగి తయారుచేశారన్న ల్యాబ్ నోట్సుకు దాన్ని వర్తింపజేసుకోవద్దు.

• సందర్శక పరిశోధకులకు వారి ప్రాజెక్టు ఫోల్డరే తెరవండి, గడువు తేదీ పెట్టండి.

• ప్రయాణానికి డేటా లేని ల్యాప్‌టాప్.

అనుమానం తీరకపోతే లైసెన్సు అధికారిని అడిగి, జవాబు చేతికొచ్చాకే పంపండి.