నీటి సంఘంలో అందరి మాటా చెల్లుతోందా? కాలువ చివర నుంచి చూసుకురండి

మీ నీటి సంఘం, అంటే కాలువ నీళ్లు పంచుకునే రైతుల సంఘం, నిజంగా అందరినీ కలుపుకుని నడుస్తోందా అని తేల్చుకోవాలంటే ముందు కాలువ చివరికి వెళ్లండి, మీటింగు సంగతి తర్వాత. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఎడమ కాలువ గొట్టా బ్యారేజీ దగ్గర మొదలై వంద కిలోమీటర్ల పైనే పోతుంది, పైన హిరమండలం వైపు ఉభాలు (వరి నాట్లు) అయిపోయినా కింద పలాస, వజ్రపుకొత్తూరు వైపు నారుమడి నీళ్ల కోసం చూస్తూ ఉండొచ్చు. పైవాళ్లని అడిగితే అంతా బాగుందనే అంటారు, వాళ్ల వరకు అది నిజమే మరి.

కాలువ చివరనున్న శివారు మదుము (తూము) దగ్గర నలుగురిని అడగండి, నీళ్లు ఏ రోజు వస్తాయో ముందే తెలిసిందా, ఎవరు చెప్పారు అని. "వచ్చాక చూశాం" అన్నారంటే మీకు సగం జవాబు దొరికినట్టే. నీళ్లొచ్చిన తేదీలు రాసుకోండి.

ఇప్పుడు సంఘం దగ్గరికి రండి. 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి సీజనుకీ వారబందీ, అంటే వంతుల పట్టిక, వేసి అమలు చేయాల్సింది సంఘమే. ఆ పట్టిక అడిగి మీ తేదీల పక్కన పెట్టి చూడండి. ఇక మినిట్స్ బుక్కులో సంతకాలు లెక్కపెట్టే పని పెట్టుకోకండి, నేనొకసారి నలభై సంతకాలు చూసి మురిసిపోయాను, తీరా చూస్తే బుక్కే ఇంటింటికీ తిరిగిందట! ఎవరైనా కాదన్నారా, కాదన్నాక ఏదైనా మారిందా, అది వెతకండి. వరి పొట్ట దశలో (వెన్ను బయటికి రాకముందు) ఒక తడి కావాలని శివారు రైతు అడిగితే తర్వాతి వంతు ముందుకు జరిగిందనుకోండి, అక్కడ సహకారం ఉన్నట్టే. అన్నీ ఏకగ్రీవమే అని ఉంటే మాత్రం నాకైతే అనుమానం. కౌలు రైతులనీ, పట్టా భర్త పేరున ఉండి పొలం తాను చూసుకునే ఆడవాళ్లనీ విడిగా కలవండి, మీటింగు కబురు వాళ్లదాకా వెళ్లిందో లేదో వాళ్లే చెబుతారు.

జిల్లా సాగునీటి సలహా మండలి సమావేశంలో మీ తరఫున ఏం అడిగారో సంఘం అధ్యక్షుణ్ణి అడగండి, ఆయన తడుముకుంటే అది కూడా రాసుకోండి.

ఒక్క జాగ్రత్త. వంశధార ఒడిశా నుంచి వస్తుంది, పైన వానలు లేక నదే ఎండితే ఆ తప్పు సంఘం మీద వేయకూడదు. కొరతని పైవాళ్లూ కిందవాళ్లూ ఎలా పంచుకున్నారన్నదే చూడాలి, అందుకే నీళ్లు తక్కువైన ఏడాది లెక్కే పట్టుకోండి, నిండుగా పారిన ఏడు ఏ సంఘమైనా మంచిదే.