అమెరికాలో డొమెస్టిక్ ఫ్లయిట్ ఎక్కడానికి ఇండియన్ పాస్‌పోర్టు చాలు: టీఎస్‌ఏ దగ్గర ఏం చూపాలి, రియల్ ఐడీకి ఎలా దరఖాస్తు చేయాలి

2025 మే 7న అమెరికా విమానాశ్రయాల్లో రియల్ ఐడీ నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ తేదీ దగ్గర పడే కొద్దీ తెలిసినవాళ్ల నుంచి నాకు ఫోన్ల మీద ఫోన్లు. "అమ్మకి రియల్ ఐడీ లేదు, సియాటిల్ టికెట్ క్యాన్సిల్ చేసుకోవాలా?" అని ఒకరు, "తమ్ముడు ఇంకా లైసెన్స్ తీసుకోలేదు, ఫ్లయిట్ ఎక్కనిస్తారా?" అని ఇంకొకరు. అందరికీ ఒకటే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను: గడువు తీరని ఇండియన్ పాస్‌పోర్టు చేతిలో ఉంటే అమెరికాలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా విమానంలో వెళ్లొచ్చు. రియల్ ఐడీ తప్పనిసరి కాదు.

రియల్ ఐడీ అంటే కొత్త కార్డేమీ కాదు. రాష్ట్రాలు ఇచ్చే డ్రైవింగ్ లైసెన్స్ లేదా స్టేట్ ఐడీ కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలకు తగ్గట్టు ఉంటే దాన్నే అలా అంటారు. 2005లో చేసిన చట్టం ఇది, వాయిదాలు పడుతూ ఇరవై ఏళ్లకు అమలైంది. చాలా రాష్ట్రాల కార్డుల మీద పైభాగంలో నక్షత్రం గుర్తు ఉంటుంది. నక్షత్రం లేని మామూలు లైసెన్స్‌ను సెక్యూరిటీ దగ్గర ఇప్పుడు గుర్తింపుగా తీసుకోరు. మారింది ఇదొక్కటే. విదేశీ ప్రభుత్వాలు ఇచ్చిన పాస్‌పోర్టు, విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ టీఎస్‌ఏ జాబితాలో అంతకుముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. గ్రీన్‌కార్డు, ఓపీటీ (విద్యార్థుల ఉద్యోగ శిక్షణ) లేదా హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబ సభ్యుల వీసా) మీద వచ్చే ఈఏడీ అనే వర్క్ పర్మిట్ కార్డు కూడా చెల్లుతాయి. కెనడాలో ఉండే మనవాళ్లు అమెరికా లోపల తిరిగేటప్పుడు తమ ప్రావిన్స్ డ్రైవింగ్ లైసెన్స్ చూపినా సరిపోతుంది.

చెల్లనివి కూడా తెలుసుకోండి. ఆధార్, పాన్, ఓటరు కార్డు, ఇండియా డ్రైవింగ్ లైసెన్స్, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏవీ పనికిరావు. డిజీలాకర్‌లో చూపించినా, పాస్‌పోర్టు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకున్నా, జిరాక్స్ తెచ్చుకున్నా ఒప్పుకోరు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల ఓసీఐ కార్డు కూడా ఇక్కడ పనిచేయదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు దేశం లోపల ప్రయాణానికి టీఎస్‌ఏ గుర్తింపు కార్డు అడగదు. ఎయిర్‌లైన్ మాత్రం వయసు రుజువు అడగవచ్చు కాబట్టి పిల్లల పాస్‌పోర్టులు కూడా వెంట ఉంచుకుంటే మేలు.

సెక్యూరిటీ దగ్గర ఏం జరుగుతుంది

మన శంషాబాద్‌లో టెర్మినల్ గుమ్మం దగ్గరే సీఐఎస్‌ఎఫ్ వాళ్లు టికెట్, ఐడీ చూసి లోపలికి పంపుతారు. అమెరికాలో గుమ్మం దగ్గర ఎవరూ ఉండరు. దాంతో మొదటిసారి వచ్చిన పెద్దవాళ్లు పాస్‌పోర్టుతో పని అయిపోయిందనుకుని బ్యాగు అడుగున పెట్టేస్తారు. అసలు చెకింగ్ టీఎస్‌ఏ లైన్ మొదట్లో ఉంటుంది. అక్కడ ఆఫీసర్ ముందు చిన్న స్కానర్ ఉంటుంది. పాస్‌పోర్టు ఫొటో పేజీని దాని మీద పెట్టి చదివిస్తారు. ఆ రోజు మీకు ఫ్లయిట్ ఉందో లేదో మిషన్‌లోనే కనిపిస్తుంది కాబట్టి చాలాచోట్ల బోర్డింగ్ పాస్ కూడా అడగరు. అయినా చేతిలో ఉంచుకోండి.

ఇక్కడ చిన్న పని, కానీ ముఖ్యమైన పని: పాస్‌పోర్టుకు తొడిగిన కవరు లైన్లో నిలబడగానే తీసేయాలి. మా అమ్మ పాస్‌పోర్టుకు ట్రావెల్స్ వాళ్లిచ్చిన మందపాటి కవరు ఉండేది. లోపలి అరలో పాత బోర్డింగ్ పాసులు, ఇన్సూరెన్స్ కాగితం, తిరుమల వెంకన్న ఫొటో. కవరుతో పెడితే పేజీ స్కానర్ మీద చదునుగా కూర్చోదు. ఆఫీసర్ వెనక్కి ఇచ్చి ఏదో అన్నాడు, అమ్మకు ఆ యాస అర్థం కాలేదు, వెనకాల లైను పెరిగిపోతోంది. ఆమె ముఖంలో ఆ కంగారు నాకు ఇప్పటికీ గుర్తు. తర్వాతి ప్రయాణానికి బయల్దేరేముందు ఇంట్లోనే కవరు తీసి, ఫొటో పేజీ ఎలా తెరిచి ఇవ్వాలో రెండుసార్లు చేయించాను. ఆ తర్వాత ఆవిడ ఒక్కతే వెళ్లి వచ్చింది.

కొన్ని మిషన్లు ముఖం ఫొటో కూడా తీస్తాయి. ఇష్టం లేకపోతే వద్దని చెప్పొచ్చు, లైన్లో మీ స్థానం పోదు. ఇక వీసా స్టాంప్ గడువు తీరిపోయి ఐ-797 అనే స్టేటస్ మంజూరు కాగితం మీద ఉంటున్న హెచ్1బీ వాళ్లకు ఎప్పుడూ వచ్చే సందేహం ఒకటుంది. స్టాంప్ దేశంలోకి అడుగుపెట్టడానికి కావాలి. దేశం లోపలి ప్రయాణంలో టీఎస్‌ఏ చూసేది మీరెవరన్నదే, అందుకు పాస్‌పోర్టు గడువులో ఉంటే చాలు. అయితే పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ రుజువును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని అమెరికా చట్టం చెబుతోంది. అందుకని అమెరికా సరిహద్దు తనిఖీల సంస్థ సీబీపీ వెబ్‌సైట్ నుంచి ఐ-94 (దేశంలోకి ఎప్పుడు వచ్చారు, ఎప్పటిదాకా ఉండొచ్చు అన్న రికార్డు) ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి వచ్చి షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి, అక్కణ్నుంచి డల్లాస్‌కు మారే పెద్దవాళ్లకు ఇంకో మాట. ఇమిగ్రేషన్ అయ్యాక సామాను తీసుకుని మళ్లీ బెల్టు మీద వేసి, టీఎస్‌ఏ లైన్లో ఇంకోసారి నిలబడాలి. ఆ పెట్టెల్లో పాస్‌పోర్టు పెట్టొద్దని ఫోన్లో ఒకటికి పదిసార్లు చెప్పండి.

అసలు చిక్కు పేరుతోనే

పాస్‌పోర్టు ఉన్నా మనవాళ్లు ఇబ్బంది పడేది పేరు దగ్గర. టికెట్ కొనేటప్పుడు ఇచ్చే పూర్తి పేరు, పుట్టిన తేదీ, జెండర్‌ను ప్రయాణానికి ముందే భద్రతా జాబితాలతో సరిచూస్తారు. కాబట్టి ఏ కార్డు చూపిస్తారో ఆ కార్డు మీద ఉన్న పేరే టికెట్ మీద ఉండాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ 'కొండపల్లి', గివెన్ నేమ్ 'లక్ష్మీ ప్రసన్న' అని ఉంటే టికెట్‌లో కూడా అంతే. అలవాటుకొద్దీ 'కె. లక్ష్మి' అని కొట్టకూడదు, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎక్కకపోతే దాన్ని టికెట్ మీద పెట్టకూడదు. బోర్డింగ్ పాస్ మీద రెండు పదాలు అతుక్కుపోయి వచ్చినా, చివర మిసెస్ అని కలిసిపోయినా కంగారు పడక్కర్లేదు. అది ఎయిర్‌లైన్ సిస్టమ్ ముద్రించే తీరు. అక్షరాలు మారితేనే సమస్య.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. అలాంటప్పుడు అమెరికా వీసాలో పేరు మొత్తం సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. వీసా చూసి ఇచ్చిన లైసెన్స్ మీదకూ అది ఎక్కవచ్చు. అప్పుడు ఒకే మనిషికి పాస్‌పోర్టులో ఒక తీరుగా, లైసెన్స్‌లో ఇంకో తీరుగా పేరు ఉంటుంది. విమానాశ్రయంలో ఏది చూపిస్తారో ముందే అనుకుని దాని ప్రకారం టికెట్ కొనండి. ఇలాంటివాళ్లు తర్వాతి రెన్యువల్‌లో సర్‌నేమ్, గివెన్ నేమ్ విడివిడిగా రాయించుకోవడమే శాశ్వత పరిష్కారమని నా గట్టి అభిప్రాయం.

టికెట్‌లో తప్పు పడితే వెంటనే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేయండి. ప్రయాణానికి ఏడు రోజులో, అంతకన్నా ఎక్కువో ముందుగా నేరుగా ఎయిర్‌లైన్ దగ్గరే కొన్న టికెట్‌ను చాలావరకు 24 గంటల్లోపు పైసా పోకుండా రద్దు చేసుకోవచ్చు.

రియల్ ఐడీకి దరఖాస్తు

ప్రతిసారీ పాస్‌పోర్టు మోసుకెళ్లడం రిస్కే. ఉద్యోగం మీద తరచుగా తిరిగేవాళ్లు, చదువుకునేవాళ్లు రియల్ ఐడీ తీసుకుంటే మంచిది. విజిటర్ వీసా మీద కొన్ని నెలలకు వచ్చిన అమ్మానాన్నలకు దీని అవసరం లేదు.

దరఖాస్తు రాష్ట్రంలోనే చేయాలి. ఎక్కువచోట్ల ఆ ఆఫీసును డీఎంవీ అంటారు, టెక్సాస్‌లో డీపీఎస్, న్యూజెర్సీలో ఎంవీసీ, ఒహాయోలో బీఎంవీ. చాలా రాష్ట్రాల్లో ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్, ఫారం నింపడం అవుతాయి కానీ మొదటిసారి స్వయంగా వెళ్లాల్సిందే. తీసుకెళ్లాల్సినవి: వీసా ఉన్న పాస్‌పోర్టు, ఐ-94, సోషల్ సెక్యూరిటీ కార్డు లేదా ఆ నంబరు మొత్తం కనిపించే డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను వివరాలు) లాంటి కాగితం, ఇంటి అడ్రస్‌కు సాధారణంగా రెండు రుజువులు. ఇంటి అగ్రిమెంటు, కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి అడ్రస్‌కు పనికొస్తాయి. విద్యార్థులు కాలేజీ ఇచ్చిన ఐ-20, హెచ్1బీ వాళ్లు ఐ-797 కూడా పెట్టుకోండి. ఈఏడీ, గ్రీన్‌కార్డు ఉంటే అవే చూపొచ్చు. వీసా స్టాంప్ గడువు తీరినవాళ్లు వెళ్లేముందు తమ రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఏ కాగితాలు ఒప్పుకుంటారో చూసుకోండి. ఫీజు కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

మీ ఇమిగ్రేషన్ వివరాలను ఆ ఆఫీసు సేవ్ అనే కేంద్ర వ్యవస్థలో సరిచూస్తుంది. కొత్తగా దిగిన విద్యార్థుల రికార్డు అందులో కనిపించడానికి టైమ్ పడుతుంది, అందుకే వచ్చాక కనీసం 10 రోజులు ఆగి వెళ్లమంటారు. తొందరపడి వెళ్తే వెనక్కి పంపే అవకాశం ఎక్కువ.

కార్డు చేతికి రాకముందు ఇచ్చే తాత్కాలిక కాగితం టీఎస్‌ఏ దగ్గర చెల్లదు. అసలు కార్డు పోస్టులో వచ్చేదాకా పాస్‌పోర్టే వాడాలి. ఇంకో సంగతి, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు ఇచ్చే రియల్ ఐడీ గడువు ఐ-94 తేదీతో అయిపోతుంది. ఎఫ్1 విద్యార్థుల ఐ-94 మీద తేదీ బదులు డీ/ఎస్ (స్టేటస్ ఉన్నంతకాలం) అని ఉంటే చట్టం ప్రకారం ఒక ఏడాదికే ఇస్తారు. స్టేటస్ పొడిగింపు వచ్చిన ప్రతిసారీ లైసెన్స్ రెన్యువల్ కూడా క్యాలెండర్‌లో రాసుకోండి.

పాస్‌పోర్టు చేతిలో లేకపోతే

ఇండియన్ పాస్‌పోర్టు రెన్యువల్‌కు దరఖాస్తులు తీసుకునే ఏజెన్సీ వీఎఫ్‌ఎస్ ద్వారా పంపితే కొత్తది వచ్చేదాకా చేతిలో ఏమీ ఉండదు. రియల్ ఐడీగానీ ఈఏడీగానీ లేనివాళ్లు ఆ రోజుల్లో విమాన ప్రయాణం పెట్టుకోవద్దు. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు రిపోర్టు తీసుకుని, మీ రాష్ట్రం ఏ ఇండియన్ కాన్సులేట్ కిందకు వస్తుందో చూసి కొత్తదానికి దరఖాస్తు చేయాలి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి వెళ్లడానికి మాత్రమే ఇస్తారు.

సరైన ఐడీ లేకుండా వచ్చినవాళ్లకు 2026 ఫిబ్రవరి 1 నుంచి టీఎస్‌ఏ కన్ఫర్మ్ ఐడీ అనే పద్ధతి పెట్టింది. 45 డాలర్లు కడితే వేరే వివరాలతో గుర్తింపు సరిచూసే ప్రయత్నం చేస్తారు, అది 10 రోజుల ప్రయాణానికి పనికొస్తుంది. డబ్బు కట్టినంత మాత్రాన పంపిస్తారన్న హామీ లేదు. అమెరికాలో ఇల్లు, బ్యాంకు, ఉద్యోగం రికార్డులేవీ లేని అమ్మానాన్నలు దీని మీద ఆశ పెట్టుకోకూడదు.

బోర్డింగ్ పాస్ మీద వరసగా నాలుగు ఎస్‌లు పడి ప్రతిసారీ విడిగా తనిఖీ చేస్తుంటే మీ పేరు ఇంకెవరి పేరుతోనో కలుస్తూ ఉండొచ్చు. అలాంటప్పుడు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ వారి డీహెచ్‌ఎస్ ట్రిప్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది. పాస్‌పోర్టు కాపీ జోడించి పంపితే రిడ్రెస్ నంబరు ఇస్తారు. టికెట్ కొనేటప్పుడు ఆ నంబరు గడిలో వేస్తే పేరు తికమక తీరే అవకాశం ఉంది. ఏ కార్డు చెల్లుతుందో అప్పటికప్పుడు అడగాలంటే 275-872 నంబరుకు టెక్స్ట్ పంపితే టీఎస్‌ఏ సిబ్బంది జవాబిస్తారు.