పాత మస్టాంగ్‌కు డ్రమ్ములు తీసి డిస్క్‌లు వేశారా? బ్రేక్ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

1965, 66 నాటి ఫోర్డ్ మస్టాంగ్ వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) బళ్లకు మామూలుగా నాలుగు చక్రాలకూ 10 అంగుళాల డ్రమ్ బ్రేకులే వచ్చేవి. ముందు చక్రాలకు కెల్సీ-హేస్ డిస్క్‌లు కావాలంటే అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బళ్లున్నవాళ్లు కిట్ కొని ముందు డిస్క్‌లు వేయిస్తున్నారు. అయినా బ్రేకు సరిగ్గా పడక "పాత డ్రమ్ములే నయం" అనుకునేవాళ్లు తక్కువేం లేరు. చాలాసార్లు తప్పు డిస్క్‌లది కాదు. డ్రమ్ముల కోసం తయారైన పాత భాగం ఏదో ఒకటి లైన్లో అలాగే ఉండిపోతుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. 1966 వరకు ఈ బళ్లలో ఉన్నది ఒకే అర ఉన్న మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం). ఏ ఒక్క చక్రం దగ్గర పైపు పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. 1967 మోడల్‌కు ఫోర్డ్ రెండు అరలది పెట్టింది. మీరు డిస్క్‌లు వేసినా, డ్రమ్ములే ఉంచుకున్నా, మొదట మార్చాల్సింది ఇదే. రంగు, చక్రాలు, సీట్లు అన్నీ దీని తర్వాతే.

సమస్య: కొండ దిగుతుంటే బ్రేక్ పనిచేయడం తగ్గిపోతోంది (ఇంకా డ్రమ్ములే ఉన్నాయి)

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనింగ్ (డ్రమ్ముకు రాసుకునే పొర) వేడెక్కి పట్టు కోల్పోయినట్టు. దీనికి సరైన మందు ముందు డిస్క్‌లే. అలా కాక పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చినట్టు. డాట్ 3 ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. ముందు ఆయిల్ మొత్తం మార్చి చూడండి.

సమస్య: బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగుతోంది

దీనికోసం కిట్ కొనక్కర్లేదు. డ్రమ్ము విప్పి చూడండి. షూలను డ్రమ్ము మీదికి నెట్టే వీల్ సిలిండర్ కారి లైనింగ్ తడిసిందా? షూలు (లైనింగ్ అతికించి ఉండే వంపు ముక్కలు) తారుమారయ్యాయా? పొట్టి లైనింగ్ ఉన్న షూ బండి ముందువైపు, పొడవు లైనింగ్ ఉన్నది వెనకవైపు ఉండాలి. రెండు పక్కలా అడ్జస్ట్‌మెంట్ ఒకేలా ఉందా? పాత లైనింగ్ దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఎయిర్ గన్‌తో ఊదకండి, తడిపి తుడవండి.

సమస్య: డిస్క్‌లు వేశాక పెడల్ రాయిలా ఉంది, బండి మాత్రం ఆగడం లేదు

డ్రమ్ములో తిరిగే చక్రమే షూను లోపలికి లాక్కుని పట్టు పెంచుతుంది. డిస్క్‌లో ఆ సాయం ఉండదు, బలమంతా మీ కాలు నుంచి లేదా బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే భాగం) నుంచి రావాలి.

బూస్టర్ లేని బండైతే మాస్టర్ సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) చూడండి. 1 అంగుళం బోర్ తీసి 15/16 అంగుళం వేస్తే అదే కాలి బలానికి దాదాపు 14 శాతం ఎక్కువ ప్రెషర్ వస్తుంది. పెడల్ కూడా అంతే ఎక్కువ దూరం కదులుతుంది, అది మామూలే.

బూస్టర్ ఉంటే ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ గానీ, చెక్ వాల్వ్ గానీ, వాక్యూమ్ పైపు గానీ పోయినట్టు. ఇంజిన్‌కు రేస్ క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచే షాఫ్ట్, రేసుల కోసం చేసింది) వేయించారా? ఐడిల్‌లో వాక్యూమ్ చాలక బూస్టర్ ఉండీ ఉపయోగం ఉండదు. ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంప్ పెట్టుకోవాలి, లేదా బూస్టర్ తీసేసి చిన్న బోర్‌తో నడపాలి. అలాంటి ఇంజిన్‌కు నేనైతే రెండోదే చెప్తాను. చెడిపోయే భాగాలు తక్కువ.

సమస్య: ముందు చక్రాలు పట్టేసి వేడెక్కుతున్నాయి

అన్నిట్లోకీ ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. చాలామంది కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) మార్చేస్తారు, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. బ్రేక్ పట్టేసి ఉన్నప్పుడే ఈ వరుసలో చూడండి. బండి సమతలంగా ఉండాలి, స్టాండ్ల మీద గట్టిగా నిలిపి ఉండాలి.

మొదట మాస్టర్ సిలిండర్ బిగించిన నట్లు రెండు మిల్లీమీటర్లు వదులు చేయండి. చక్రం వదిలిందంటే పుష్‌రాడ్ (మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే కడ్డీ) పొడవెక్కువ. అది పిస్టన్‌ను కొంచెం లోపలికే నొక్కి ఉంచడం వల్ల ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వెళ్లే రంధ్రం మూసుకుపోయింది. రాడ్ తగ్గించి సన్నని ఖాళీ ఉంచండి.

అప్పటికీ వదలకపోతే మాస్టర్ సిలిండర్ దగ్గర ముందు లైన్ నట్ వదులు చేయండి. ఇప్పుడు వదిలితే లోపల డ్రమ్ముల కోసం పెట్టిన రెసిడ్యువల్ వాల్వ్ ఉందన్నమాట. డ్రమ్ లైన్లో అది దాదాపు 10 పీఎస్‌ఐ ప్రెషర్‌ను నిలిపి ఉంచుతుంది. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే గట్టి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. డిస్క్‌లో అలాంటివి లేవు, ప్యాడ్లు అంటుకునే ఉంటాయి. ముందు లైన్లో దాన్ని తీసేయండి. వెనక డ్రమ్ములు అలాగే ఉంటే ఆ లైన్లోది మాత్రం కదపకండి.

ఇంకా వదలలేదా? కాలిపర్ బ్లీడర్ (గాలి తీసే స్క్రూ) తెరవండి. అక్కడ వదిలితే రబ్బరు హోస్ లోపల వాచి ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదు. హోస్ పైకి కొత్తదానిలా కనిపించినా నమ్మకండి. బ్లీడర్ తెరిచినా చక్రం తిరగకపోతే అప్పుడు కాలిపర్ పిస్టన్ తుప్పు పట్టిందని అనుకోవచ్చు.

సమస్య: ఎన్నిసార్లు ఎయిర్ తీసినా పెడల్ స్పాంజిలా ఉంది

బ్లీడర్ కాలిపర్‌కు పై భాగాన ఉండాలి. కింద ఉందంటే ఎడమ, కుడి కాలిపర్లు తారుమారయ్యాయి, గాలి పైన చిక్కుకుపోయింది. మార్చి బిగించండి. మాస్టర్ సిలిండర్‌ను బండికి ఎక్కించే ముందు వైస్‌లో పెట్టి ఎయిర్ తీయకపోయినా ఇదే పరిస్థితి. వెనక షూలు డ్రమ్ముకు దూరంగా ఉంటే పెడల్ సగం దాకా ఖాళీగా దిగుతుంది. ఇది గాలి కాదు, అడ్జస్ట్ చేస్తే పోతుంది.

సమస్య: గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రాలు ముందే లాక్ అయి తోక తిరుగుతోంది

బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు పోతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి. అందుకే వెనక లైన్లో అడ్జస్ట్ అయ్యే ప్రొపోర్షనింగ్ వాల్వ్ (వెనకకు వెళ్లే ప్రెషర్‌ను తగ్గించేది) పెట్టాలి. వెనకకు ప్రెషర్ బాగా తగ్గించి మొదలుపెట్టి, ఎవరూ లేని ఖాళీ స్థలంలో కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. గట్టిగా తొక్కినప్పుడు ముందు చక్రాలే మొదట లాక్ అవ్వాలి. వాన రోజున మరోసారి చూసుకోండి, తడి రోడ్డు మీద లెక్క మారుతుంది.

సమస్య: చక్రం బిగించగానే కాలిపర్‌కు తగులుతోంది

కొన్ని 14 అంగుళాల స్టీల్ చక్రాల్లో డిస్క్ కిట్ పట్టదు. కిట్ కొనేముందే అమ్మేవాళ్లను అడగండి. ఆరు సిలిండర్ల బండైతే ఇంకో సంగతి చూడాలి: దాని చక్రానికి నాలుగు బోల్ట్‌లే, స్పిండిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) కూడా చిన్నది. వి8 కోసం చేసిన కిట్ నేరుగా కూర్చోదు, స్పిండిల్స్ కూడా వి8వి తెచ్చుకోవాలి.